పాదరసం అంటే ఏ పాదరసం?

జ్వరం చూద్దామని పెట్టిన థర్మామీటర్ పిల్లాడి నోట్లో పగిలి, అందులోని పాదరసం బొట్టు వాడు మింగేశాడంటే ఇంట్లో ఎంత గోల మొదలవుతుందో చెప్పక్కర్లేదు. ఒకరు ఉప్పునీళ్ళు తాగించమంటారు, ఇంకొకరు అరటిపండు పెట్టమంటారు, మూడో ఆయన అప్పటికే ఆటో పిలిచేసి ఉంటాడు. నిజానికి ఆ బొట్టులోంచి పేగుల ద్వారా రక్తంలోకి ఎక్కేది పదివేలవ వంతు కూడా ఉండదు, మిగతాదంతా విరేచనంలో పోతుంది. అలాంటప్పుడు గాజు పెంకులు గుచ్చుకున్నాయేమో చూడటమే అసలు పని. అదే బొట్టు నోట్లోకి పోకుండా మంచం కిందికి దొర్లి, బండల సందుల్లో ఇరుక్కుని, తలుపులు మూసి ఏసీ వేసుకునే గదిలో నెలల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరవుతూ ఉందనుకోండి, అప్పుడు ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ పీల్చిన పాదరసం ఆవిరిలో 80 శాతం దాకా ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, అక్కడి నుంచి మెదడులోకి కూడా. (పగిలితే చీపురుతో ఊడవకండి, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, రెండూ బొట్టుని ఇంకా చిన్న బొట్లు చేసి గదంతా చిమ్ముతాయి. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, రెండు అట్టముక్కలతో కూడదీసి గట్టిమూత ఉన్న సీసాలో వేయండి.)

అదే లోహం, అదే బొట్టు, వెళ్ళిన దారి మారితే ఫలితం తలకిందులు. ‘ఫలానా దాంట్లో హెవీ మెటల్స్ (పాదరసం, సీసం లాంటి లోహాలు) బయటపడ్డాయి’ అని వార్త వచ్చినప్పుడల్లా మనం రెండు రకాలుగా స్పందిస్తాం. భయపడిపోతాం, లేదా ‘ఈ రోజుల్లో ఏంట్లో లేవులే’ అని వదిలేస్తాం. రెండూ తప్పే, ఎందుకంటే ఆ వార్తలో అసలు సంగతి ఇంకా రాలేదు. ఏ రూపంలో ఉంది, ఏ దారిన లోపలికి వెళ్ళింది, ఎంత, ఎన్నాళ్ళు అనేవి తెలియకుండా పాదరసం ఉందనడం, ‘వాళ్ళింట్లో నిప్పు ఉంది’ అనడం లాంటిదే. పొయ్యిలోనా, పైకప్పు మీదా?

రూపం సంగతి ముందు చూద్దాం. థర్మామీటర్‌లో మెరిసేది లోహరూపం. గంధకంతోనో క్లోరిన్‌తోనో కలిస్తే లవణాలవుతుంది, ఇవి ఒంట్లోకి చేరితే ఎక్కువగా కిడ్నీల్లో పేరుకుంటాయి. కార్బన్ గుంపుతో కలిస్తే సేంద్రియ రూపం, ఇందులో మీథైల్ పాదరసమే ప్రపంచాన్ని ఎక్కువ ఏడిపించింది. వీటన్నిటికంటే భయంకరమైనది డైమీథైల్ పాదరసం. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త చేతి గ్లవ్ మీద ఆ ద్రవం కొద్ది చుక్కలు పడ్డాయి. విషలోహాల మీదే పరిశోధన చేసే మనిషి, జాగ్రత్తలన్నీ తీసుకున్న మనిషి. ఆ చుక్కలు రబ్బరు గ్లవ్ గుండా సెకన్లలో చర్మంలోకి దిగిపోతాయని అప్పటికి తెలియదు. నెలలు గడిచినా ఏమీ కాలేదు, ఆవిడ మామూలుగా పనిచేసుకుంటూనే ఉంది. 1997 జనవరికి నడక తూలడం, మాట తడబడటం మొదలైంది. రక్తం పరీక్షిస్తే లీటరుకి 4,000 మైక్రోగ్రాములు, అంటే విషస్థాయి అనుకునేదానికి దాదాపు 80 రెట్లు. ఎన్ని మందులిచ్చినా లాభం లేకపోయింది, జూన్‌లో చనిపోయింది. ఆవిడ మరణం తర్వాతే ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో ఆ పదార్థం వాడకం, గ్లవ్స్ నియమాలు మారాయి.

మామూలు మనుషులకి డైమీథైల్ పాదరసం తగలదు. తగిలేది మీథైల్ పాదరసం, అదీ చేపల ద్వారా. బొగ్గు కాల్చే ప్లాంట్ల నుంచి, పాదరసంతో బంగారం తీసే చిన్న గనుల నుంచి (ప్రపంచంలో మనుషుల వల్ల గాలిలోకి వెళ్ళే పాదరసంలో మూడో వంతు పైగా ఈ గనులదే) వచ్చినది నీళ్ళలో పడుతుంది. అడుగున బురదలో గాలి లేని చోట బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని మీథైల్ రూపంలోకి మారుస్తాయి. నాచు దాన్ని పీల్చుకుంటుంది, నాచుని తిన్న పురుగుకి, పురుగుని తిన్న చిన్న చేపకి, దాన్ని తిన్న పెద్ద చేపకి అలా పేరుకుంటూ పోయి, పైమెట్టు మీదున్న సొరచేపకి వచ్చేసరికి చుట్టూ ఉన్న నీటిలో కంటే పది లక్షల రెట్లు ఉండొచ్చు. మనం తిన్నప్పుడు పేగులు దాన్ని దాదాపు పూర్తిగా, 95 శాతం దాకా, పీల్చుకుంటాయి. మింగిన లోహపు బొట్టుతో పోల్చి చూడండి. ఆ తర్వాత అది సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో జతకట్టి, చూడటానికి మెథియోనిన్‌లా తయారవుతుంది. మెదడుకి కాపలాగా ఉన్న గోడ మెథియోనిన్‌ని పోషకం కాబట్టి లోపలికి రానిస్తుంది, దీన్నీ రానిస్తుంది. కడుపులో బిడ్డకి తల్లి నుంచి పోషకాలు అందించే మాయ (ప్లసెంటా) దగ్గర కూడా ఇదే కథ, బొడ్డుతాడు రక్తంలో పాదరసం తల్లి రక్తంలో కంటే ఎక్కువే తేలుతుంది.

ఈ చివరి వాక్యం రాయడానికి ప్రపంచం ఎంత మూల్యం చెల్లించిందో మినమాటాకి వెళ్తే తెలుస్తుంది. జపాన్‌లో కుమమోటో ప్రాంతంలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు, దానికి అన్నం పెట్టే చిస్సో అనే రసాయన ఫ్యాక్టరీ. అసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడి, వ్యర్థాలని అఖాతంలోకి వదిలేది. ముందు పిల్లులకి తేడా చేసింది. ఊగుతూ, గిరగిరా తిరుగుతూ, సముద్రంలో పడి చచ్చేవి. తర్వాత మనుషులు, ముఖ్యంగా రోజూ చేపలు తినే బెస్తకుటుంబాలు. చేతులు మొద్దుబారడం, చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకవడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్. 1956 మే 1న ఫ్యాక్టరీ సొంత ఆసుపత్రి పెద్ద డాక్టర్ హొసొకావా ‘కారణం తెలియని మెదడు జబ్బు’ అని ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశారు. మొదట అంటువ్యాధి అనుకున్నారు, ఆ కుటుంబాలని ఊరు వెలివేసినంత పని చేసింది. కుమమోటో విశ్వవిద్యాలయం వాళ్ళు లోహమేదో ఉందని తొందరగానే పసిగట్టినా ఏ లోహమో తేల్చలేక మాంగనీస్, సెలీనియం, థాలియం అంటూ చాలా కాలం తిరిగారు. 1959లో గానీ సేంద్రియ పాదరసం అని చెప్పలేకపోయారు.

అదే ఏడాది హొసొకావా ఫ్యాక్టరీ వ్యర్థజలాన్నే తిండిలో కలిపి పిల్లులకి పెట్టి చూశారు. వాటిలో 400వ నంబరు పిల్లికి అక్టోబర్‌లో అచ్చం అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు, ప్రయోగాలు ఆపించింది, వ్యర్థాలని శుభ్రం చేసే యంత్రమొకటి ఆర్భాటంగా ప్రారంభించింది. సేంద్రియ పాదరసాన్ని తీసే శక్తి ఆ యంత్రానికి లేదు. ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968 సెప్టెంబర్‌లో, ఆ రకం ఉత్పత్తి అప్పటికే ఆగిపోయాక. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ మధ్యలోనే 1965లో నీగాటాలో ఇంకో కంపెనీ వల్ల ఇదే జబ్బు మళ్ళీ వచ్చింది. నాకు వీటన్నిటిలోకీ మనసుని పట్టి పీడించేది పుట్టిన పిల్లల సంగతి. తల్లికి చిన్న తిమ్మిరి తప్ప ఏమీ ఉండేది కాదు, బిడ్డ మాత్రం మెడ నిలపలేని స్థితిలో పుట్టేది. మాయ విషాన్ని ఆపుతుందని అప్పటి వైద్యశాస్త్రం నమ్మకం, కాబట్టి ఇది వేరే జబ్బన్నారు. జపాన్ ఇళ్ళల్లో బిడ్డ బొడ్డుతాడుని ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకునే ఆచారం ఉంది. హరదా మసజుమి అనే డాక్టర్ ఆ ఇళ్ళ చుట్టూ తిరిగి దాచిన బొడ్డుతాళ్ళని సేకరించారు, వాటిలో మీథైల్ పాదరసం దొరికింది. అధికారికంగా రోగులుగా గుర్తించింది 2,200 మందికి పైగా, ఆ జాబితాలోకి ఎక్కకుండా ఆర్థిక సాయం వరకే అందుకున్నవాళ్ళు పదుల వేలు.

ఇరాక్‌ది ఇంకో రకం విషాదం. కరువు తర్వాత 1971లో దిగుమతి చేసుకున్న విత్తన గోధుమలకి బూజు పట్టకుండా మీథైల్ పాదరసం మందు పట్టించారు, తినకూడదని గుర్తుగా ఎర్రరంగు వేశారు. బస్తాల మీద హెచ్చరికలు స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి, తీసుకున్న రైతులకి ఆ రెండూ రావు. రంగు కడిగేస్తే పోయింది, విషం పోలేదు. ఆ గోధుమలతో రొట్టెలు చేసుకుని తిన్నారు. వెంటనే ఏమీ కాకపోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమైంది, వారాల తర్వాత లక్షణాలు బయటపడేసరికి ఒంట్లో చేరాల్సినంతా చేరిపోయింది. ఆసుపత్రుల్లో చేరినవాళ్ళు 6,530 మంది, అక్కడే చనిపోయినవాళ్ళు 459.

ఇవన్నీ పెద్ద మోతాదుల కథలు. అసలు చిక్కు చిన్న మోతాదుల దగ్గర మొదలవుతుంది, శాస్త్రవేత్తలు ఒకరితో ఒకరు గట్టిగా విభేదించిందీ ఇక్కడే. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1986-87లో పుట్టిన వెయ్యిమంది పైగా పిల్లల్ని ఫిలిప్ గ్రాంజాన్ బృందం ఏళ్ళ తరబడి గమనించింది. గర్భంలో ఎక్కువ పాదరసం సోకిన పిల్లలు ఏడేళ్ళ వయసులో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష పరీక్షల్లో కొంచెం వెనకబడ్డారని 1997లో ప్రకటించారు. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్‌లో తల్లులు వారానికి పన్నెండు సార్లు చేపలు తింటారు, అక్కడ 779 మంది తల్లీపిల్లల జతల్ని చూసిన ఇంకో బృందానికి అలాంటి నష్టమేదీ కనిపించలేదు. మరి ఎవరు నిజం? ఇద్దరూ కావచ్చు. ఫారో వాళ్ళకి పాదరసం ఎక్కువగా వచ్చింది పైలట్ తిమింగలం మాంసం నుంచి, వేట పడ్డప్పుడల్లా ఒక్కసారిగా ఎక్కువ తింటారు, ఆ కొవ్వులో పీసీబీలనే వేరే విషాలు కూడా ఉన్నాయి. సీషెల్స్ వాళ్ళు తిన్నది సముద్రపు చేప. అందులో పాదరసంతో పాటు పిల్లల మెదడుకి మేలు చేసే ఒమెగా-3 కొవ్వులు, సెలీనియం ఉంటాయి, కాబట్టి ఒకటి చేసే చెడుని ఇంకొకటి కొంత కప్పేస్తుంది. అమెరికా చివరికి జాగ్రత్తపడి ఫారో లెక్కనే ప్రమాణంగా తీసుకుంది.

ఇది మన పళ్ళెంలోకి ఎలా వస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల కమిటీ 2003లో పెట్టిన పరిమితి, కిలో శరీర బరువుకి వారానికి 1.6 మైక్రోగ్రాముల మీథైల్ పాదరసం. 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములు. అమెరికా వాళ్ళు కొలిచిన సగటుల ప్రకారం సొరలో గ్రాముకి దాదాపు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, అంటే వంద గ్రాముల ముక్కతో వారం కోటా అయిపోయింది. సార్డీన్‌లో, అంటే మన కవళ్ళలో, గ్రాముకి ఒక మైక్రోగ్రాములో వందో వంతు చిల్లర. వారం కోటా దాటాలంటే ఏడు కిలోలు తినాలి, ఎంత ఇష్టమున్నా అది జరిగే పని కాదు. నెత్తళ్ళదీ అదే లెక్క. చెరువుల్లో పెంచి ఏడాదికో రెండేళ్ళకో పట్టేసే బొచ్చె, శీలావతి చేపలు కూడా ఎక్కువ కాలం బతకవు, వేటాడే రకాలూ కావు. ‘చేపల్లో పాదరసం ఉందట, గర్భిణికి చేపలు మానిపించండి’ అనే సలహా అందుకే మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. మానాల్సింది సొర, పెద్ద ట్యూనా లాంటి వేటచేపల్ని. కోస్తాలో బాలింతలకి పాలు పడతాయని సొరపుట్టు చేసి పెడతారు కదా, దాని సంగతేంటి అంటే, అందుకు వాడే పాలసొర చిన్నరకం, పైగా తల్లిపాల ద్వారా వెళ్ళే మీథైల్ పాదరసం మాయ ద్వారా వెళ్ళేదానికంటే చాలా తక్కువ. కాన్పు తర్వాత ఎప్పుడో ఒకసారి పెడితే నేనైతే దాని మీద గొడవపడను, కడుపుతో ఉన్నప్పుడు పెద్ద సొర వండితే మాత్రం పడతాను.

చేపల గురించి ఇంత భయపడేవాళ్ళు బాత్రూం అద్దం ముందున్న డబ్బా గురించి అడగరు. తెల్లబడే క్రీముల్లో కొన్నిటిలో పాదరసం లవణాలు కలుపుతారు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది కాబట్టి నిజంగానే పనిచేస్తుంది, అదే దాని మాయ. మన నిబంధనల ప్రకారం తెలియకుండా చేరినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. కేరళలోని మలప్పురం ప్రాంతంలో కిడ్నీ డాక్టర్లు మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్ళు వాచే మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులు ఒక్కసారిగా పెరగడం గమనించారు. 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ దాకా వచ్చిన 22 కేసుల్లో 15 మందిది నెల్-1 అనే అరుదైన రకం, ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళు. చాలామందికి క్రీము ఆపడంతోనే తగ్గుముఖం పట్టింది. లవణం రూపం, చర్మం దారి, రోజూ కొంచెం, నెలల తరబడి, చేరిన చోటు కిడ్నీ. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు లేని డబ్బా ఎంత బాగా పనిచేస్తే అంత అనుమానించాలని నా అభిప్రాయం.

టీకాల్లోని పాదరసం వల్ల పిల్లలకి ఆటిజం వస్తుందన్న గొడవ కూడా రూపం తేడా తెలియక పెరిగిందే. కొన్ని మల్టీడోస్ సీసాల్లో మందు చెడిపోకుండా వాడే థైమెరొసాల్‌లో ఉన్నది ఎథైల్ పాదరసం. పసిపిల్లల రక్తంలో అది నాలుగు రోజుల్లో సగానికి తగ్గుతుంది, మీథైల్‌కి 50 రోజులు పడుతుంది. అమెరికాలో 2001కల్లా పిల్లల సాధారణ టీకాల నుంచి దాన్ని తీసేశారు, ఆటిజం కేసులు తగ్గలేదు.

రసౌషధాల (పాదరసంతో చేసే ఆయుర్వేద మందుల) గురించి అడిగితే రెండు వైపుల వాళ్ళకీ కోపం వస్తుంది. రససింధూరంలో ఉన్నది పాదరసం, గంధకం కలిసిన సల్ఫైడ్, నీటిలో కరగదు, పేగులు తక్కువగా పీల్చుకుంటాయి. కాబట్టి మినమాటాతో పోల్చడం అన్యాయం. కానీ తక్కువ అంటే సున్నా కాదు, శాస్త్రోక్తంగా చేసినదానికీ బజార్లో పొట్లంలో దొరికేదానికీ సంబంధం ఉండాలనీ లేదు. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షించి 2004లో వెలువరించిన అధ్యయనంలో 14 మందుల్లో లోహాలు తేలాయి, వాటిలో 13 మందుల్లో ఉన్నది సీసం. అందరూ పాదరసం గురించి వాదించుకుంటుంటే పక్కనుంచి సీసం దూరిందన్నమాట.

ఇక పరీక్షల సంగతి. 2020 డిసెంబర్ మొదటివారంలో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు, చాలామంది గంటల్లోనే కోలుకున్నారు. మొత్తం 600 దాటారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పగానే ‘ఏలూరు వింతవ్యాధికి కారణం సీసం’ అని టీవీలన్నీ తేల్చేశాయి. దొరకడం వేరు, కారణం కావడం వేరు. సీసం ఎముకల్లో పేరుకుంటూ నెమ్మదిగా కడుపునొప్పి, రక్తహీనత, పిల్లల్లో తెలివి తగ్గడం తెచ్చే లోహం. రక్తంలో సగమవ్వడానికే నెల పడుతుంది, పొద్దున పడగొట్టి సాయంత్రానికి ఇంటికి పంపే తీరు దానిది కాదు. పైగా మన దేశంలో 27 కోట్లకి పైగా పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటి ఉంటుందని 2020లోనే యూనిసెఫ్ అంచనా వేసింది. ఏ ఊళ్ళో ఎవరి రక్తం తీసినా దొరికేదాన్ని జబ్బు పడనివాళ్ళ రక్తంతో పోల్చకుండా నేరం మోపలేం. తర్వాత ఎయిమ్స్, నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు, లక్షణాలకి అదే ఎక్కువ నప్పుతుంది.

ఇంట్లో కూర్చుని చేయించుకునే ‘హెవీ మెటల్ ప్యానెల్’ పరీక్షలకీ ఇది వర్తిస్తుంది. చేపల ద్వారా వచ్చే పాదరసం రక్తంలో, వెంట్రుకల్లో తెలుస్తుంది, ఆవిరి, లవణాలైతే మూత్రంలో. ముందురోజు రొయ్యలు తిని వెళ్తే మూత్రంలో ఆర్సెనిక్ ఆకాశాన్ని అంటుతుంది, అది చాలావరకు హాని చేయని ఆర్సెనోబీటైన్ రూపం, రిపోర్టు మాత్రం ఎర్రక్షరాల్లో వస్తుంది. ఇంకా మోసమైనది, ముందు కీలేషన్ మందు మింగించి లోహాలని మూత్రంలోకి లాగి అప్పుడు కొలిచి, మామూలు మనుషుల అంకెతో పోల్చి ‘మీ ఒళ్ళంతా విషం’ అని చెప్పే పద్ధతి. ఆ పరీక్షకి శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికా విషవైద్య నిపుణుల సంఘం స్పష్టంగా చెప్పింది. తర్వాత అదే చోట డీటాక్స్ ప్యాకేజీ అమ్ముతారు. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ళ పిల్లవాడికి అలాంటి కీలేషన్‌లో తప్పు రకం ఈడీటీఏ అనే కీలేషన్ మందు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు.

నిజంగా విషం ఎక్కినవాళ్ళకి కీలేషన్ ప్రాణం పోస్తుంది, అందులో సందేహం లేదు. కానీ జరిగిన నష్టాన్ని అది వెనక్కి తెస్తుందా? 2001లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో సీసం ఎక్కువున్న 780 మంది పిల్లల్లో సగం మందికి సక్సిమర్ అనే కీలేషన్ మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్ళ రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల పరీక్షల్లో మాత్రం రెండు గుంపులకీ తేడా లేదు.

కాబట్టి వచ్చే దారి మూయాల్సిందే, అది ఎంత తొందరగా జరగొచ్చో బంగ్లాదేశ్ చూపించింది. అక్కడి పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెతికిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులకి అది పసుపు దగ్గర తేలింది. కొమ్ములు పచ్చగా నిగనిగలాడాలని సీసం ఉండే లెడ్ క్రోమేట్ రంగు పట్టిస్తున్నారు. 1980లలో వరదలకి తడిసి రంగు మాసిన పసుపుని అమ్ముకోడానికి మొదలైన అలవాటట, తర్వాత కొనేవాళ్ళే ఆ రంగుని అడగడం మొదలుపెట్టారు. 2019లో ఈ సంగతి బయటికి రాగానే ప్రభుత్వం మార్కెట్లలో పోస్టర్లు వేసింది, టీవీల్లో చెప్పింది, హోల్‌సేల్ అంగడి మీద దాడి చేసి ఇద్దరు వ్యాపారులకి జరిమానా వేసింది. ఆ ఏడాది పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉండేది. 2021లో ఒక్కదాంట్లోనూ దొరకలేదు, పసుపు మిల్లుల్లో పనిచేసేవాళ్ళ రక్తంలో సీసం 30 శాతం తగ్గింది.